పూజలో పెట్టిన ఫ్లాపీ

గుడియాత్తం బజారులో సుందరరాజులుది లుంగీల కొట్టు. ఆ కొట్టు మీది మేడగదిలో, మూటలు సర్దే చోట, ఆయన కొడుకు గిరిప్రసాద్ కంప్యూటర్లు దింపించినప్పుడు బజారంతా నవ్వింది. బజారుకేం, నవ్వడానికి కారణం కావాలా? కానీ వాటి ముందు కూర్చోబెట్టడానికి అతను పిలిపించిన మనుషుల్ని చూశాక సుందరరాజులు గజంబద్ద పక్కన పెట్టి లేచాడు. వచ్చింది మేస్త్రీ అంకప్ప కూతురు దివ్య. ఆమె వెనక ఇంకో నలుగురు ఆడవాళ్ళు. అందరూ ఇళ్ళు కట్టే పనివాళ్ళ ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళే, మొన్నటిదాకా తలమీద సిమెంటు మాలు తట్టలు మోసినవాళ్ళే.

"వీళ్ళు ఈ పని యాడ నేర్చినార్రా?" అని ఆయన కొడుకును పక్కకు పిలిచి అడిగాడు.

"దివ్య వేలూరులో కోర్సు చేసింది నాయనా. మిగతావాళ్ళకి ఆ పిల్లే నేర్పించుకుంటాదంట."

"సరి. వీళ్ళు రాసే పేజీలు యాడ ఉంటాయి?"

"అమెరికాలో ఒక కంప్యూటర్లో ఉంటాయి."

"అమెరికాలో ఉండేదానికి గుడియాత్తంలో కరెంటు నేనెందుకు కట్టాల?"

ఈ ప్రశ్నకు గిరిప్రసాద్ దగ్గరే కాదు, ఆ రోజుల్లో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. తొంభైలు ముగిసిపోతున్నాయి. కాట్పాడి స్టేషను గోడల మీద సినిమా పోస్టర్ల కన్నా కంప్యూటరు కోర్సుల పోస్టర్లే ఎక్కువ. వెబ్‌సైటు అని పలకడం రానివాడు కూడా అందులో బంగారం ఉందని ఒట్టేసి చెప్పేవాడు. గిరిప్రసాద్‌కు చెన్నైలో చదువుకున్నప్పటి స్నేహితుడి ద్వారా ఒక పని దొరికింది. పరదేశంలో కుళాయిలు, గొట్టాలు, మరలు అమ్మే కంపెనీ ఒకటి తన సరుకంతా ఇంటర్‌నెట్టులో పెట్టాలనుకుంది. ఒక్కో సరుకుకు ఒక్కో పేజీ. వేలల్లో సరుకులు, అన్ని వేల పేజీలు.

పేజీ తయారుచేయడమంటే బొమ్మ గీయడం కాదు. ఏది పెద్ద అక్షరం, ఏది పట్టిక, ఫొటో ఎక్కడ రావాలి అన్నది కోణపు గుర్తుల మధ్య రాసి చెప్పాలి. ఒక గుర్తు తెరిచి మూయడం మరిచిపోతే పేజీ మొత్తం ఒక పక్కకు ఒరిగిపోతుంది. ప్రతి పేజీకీ పైన కంపెనీ పేరు, ఎడమ పక్క సరుకుల జాబితా, అడుగున చిరునామా, ఫోను నంబరు. మారేది నడుమ భాగం ఒక్కటే. అయినా ప్రతిదీ మొదటి నుంచి చివరిదాకా చేత్తో కొట్టాల్సిందే.

దివ్య గిరిప్రసాద్‌ను ఉద్యోగం అడగలేదు. పని అడిగింది. ఈ రెండింటికీ ఉన్న తేడా మేస్త్రీల ఇళ్ళలో పుట్టినవాళ్ళకు తెలుస్తుంది. మేస్త్రీ ఒంటరిగా పనికి పోడు, జట్టుతో పోతాడు. జట్టులో ముసలమ్మ ఉంటే ఆమెకు ఇసుక జల్లించే పని చూపిస్తాడు, బాలింత ఉంటే నీడపట్టున కూర్చునే పని చూపిస్తాడు. ఒక చోట పని అయిపోవస్తూ ఇంకో చోట దొరకలేదంటే, చేతులు కాస్త నెమ్మదించమని కళ్ళతోనే చెబుతాడు. ఇది ఇంటి యజమానికి నచ్చే సంగతి కాదు. యజమానికి నచ్చేవన్నీ చేస్తే జట్టు బతకదు.

దివ్య కోరిక ఒక్కటే. తనతో మేడ మెట్లెక్కిన ఈ నలుగురూ మళ్ళీ తట్ట ఎత్తకూడదు. అందులోనూ గోమతి. గోమతి దివ్యకు మేనమామ కూతురు. మొగుడు గుణశేఖర్ బెంగుళూరులో సెంట్రింగు పని చేస్తూ పండక్కి ఒకసారి, పబ్బానికి ఒకసారి వచ్చిపోతుంటాడు. బడికి పోయే కూతురు ఒకతె. మోసి మోసి గోమతి మెడ నరాలు పట్టేశాయి. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే తల తిప్పదు, మనిషంతా తిరుగుతుంది. పొగరని కొందరు అనుకున్నారు. అనుకునే నోళ్ళకేం నొప్పి?

అలాంటి గోమతి పదో తరగతి నాటి ఇంగ్లీషు అక్షరాలను గుర్తు తెచ్చుకుని కుళాయిల కొలతలు కొట్టడం నేర్చుకుంది. కుర్చీలో కూర్చుని చేసే పని కావడం వల్ల మొదట్లో ఆమెకు సిగ్గేసింది. "కూర్చోని ఉంటే పని చేసినట్టే లేదక్కా" అని దివ్యతో అనేది. వారం తిరిగేసరికి ఆ సిగ్గు పోయింది, కుర్చీ తనదైంది.

అంతా బాగుందనుకున్నాక ఆ కంపెనీవాళ్ళ ఫోను నంబరు మారింది. చెన్నై స్నేహితుడు ఫాక్సు పంపాడు. ప్రతి పేజీ అడుగునా పాత నంబరు తీసి కొత్తది పెట్టాలి. ఐదుగురూ ఒక్కో పేజీ తెరవడం, అడుక్కు పోవడం, మార్చడం, మూయడం. ఎండాకాలం, పైన రేకుల కప్పు, పక్కన లుంగీ మూటల గంజి వాసన. వేళ్ళు వాచిపోయాయి. మొత్తం మార్చి హమ్మయ్య అనుకున్న తెల్లారే ఇంకో ఫాక్సు. కంపెనీ కొత్త భవనంలోకి మారింది, చిరునామా కూడా మార్చండి అని. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. గోమతి నవ్వడం మొదలుపెట్టి ఏడుపులోకి దిగింది.

దివ్యకు కోపం వచ్చింది. ఆమె కోపం నోట్లోంచి రాదు, చేతుల్లోంచి వస్తుంది.

"గడప మార్చాలంటే ఇల్లంతా పడగొడతామా?" అంది. "పడగొట్టంగదా? మరి ఈడెందుకు పడగొడతా ఉండాము?"

కోర్సులో నేర్చుకున్న బేసిక్ భాషలో ఆమె ఒక ప్రోగ్రాము రాసింది. దాని తీరు చాలా సులువు. అన్ని పేజీలకూ ఒకటే ఉండే భాగాలను విడివిడిగా ఒక్కసారే రాసి పెట్టుకోవాలి. నడుమ భాగాన్ని మాత్రం సరుకుకొకటి చొప్పున మామూలు మాటల్లో రాయాలి. ప్రోగ్రాము రెండింటినీ కలిపి, ఇటుకల అచ్చులోంచి ఇటుకలు తీసినట్టు, పేజీ వెనక పేజీ తీసి పెడుతుంది. ఆ భాగాలకు దివ్య తనకు తెలిసిన పేర్లే పెట్టింది. పేజీ పైభాగం 'గడప'. ఎడమ పక్క జాబితా 'గోడ'. నడుమది 'గది'. అడుగున చిరునామా 'పునాది'. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టింది. ఆ ఐదుగురికీ తెలుగు మాట్లాడ్డమే తప్ప అక్షరాలు రావు. బడిలో చదివింది అరవం. పుట్టినప్పటి నుంచి నోట్లో నానిన మాటల్ని వాళ్ళు రాసుకోవడం అదే మొదటిసారి. గోమతి తెరమీద 'గడప' అన్న మాటను వేలితో తడిమి మరీ చదివింది.

దివ్య చిరునామాను పునాదిలో ఒక్కచోట మార్చి ప్రోగ్రాము నడిపించింది. వాళ్ళు రోజుల తరబడి కొట్టిన పేజీలన్నీ, టీ గ్లాసు దించేలోపల, కొత్త చిరునామాతో వరసగా తయారైపోయాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

గోమతే ముందు అడిగింది. "ఇదే చేసేస్తే ఇంక మేమెందుకక్కా?"

"మీరు గదులు రాయండి. కుళాయి కొలతలు దానికేం తెలుసు? మనిషే రాయాల." దివ్య అసలు మాట చెప్పింది. "దీని సంగతి సారుకు చెప్పొద్దు. ఇన్నాళ్ళు ఎంత వేగంగా ఇచ్చినామో అంతే వేగంగా ఇస్తాం. సరేనా?"

మోసమా అంటే మోసమే. నేను కాదనను. కానీ ఆ మోసంలో ఎవరి కడుపూ కొట్టలేదు, ఐదు కడుపులు నిండాయి. మిగిలిన వేళను వాళ్ళు నిద్రలో గడపలేదు కూడా. రాసినదాన్ని మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నారు. తెలియని మాటలకు అర్థాలు వెతుక్కున్నారు. పేజీల్లో తప్పులు పోయాయి. గుడియాత్తం పిల్లలు తప్పులే చేయరని చెన్నై నుంచి మెచ్చుకోలు వస్తే, గిరిప్రసాద్ అది తన శిక్షణేనని బజారంతా చెప్పుకున్నాడు. ప్రోగ్రాము మాత్రం మేడగది కంప్యూటర్లలో ఉండేది కాదు. దివ్య దాన్ని ఒక ఫ్లాపీలో పెట్టుకుని, పొద్దున తెచ్చి, సాయంత్రం చెరిపేసి, టిఫిను సంచిలో ఇంటికి తీసుకుపోయేది.

అలా ఆయుధపూజ వచ్చింది.

ఆయుధపూజ అందరికీ ఉంది. కానీ అంకప్ప జట్టులో దానికొక కట్టు ఉంది. ఆ రోజు పనిముట్లన్నీ, తాపీ, పార, రసమట్టం, తూకపు గుండు, ఏదీ దాచుకోకుండా కడుతున్న ఇంట్లోనే పెట్టాలి. ఇంటి యజమాని చేతనే కర్పూరం వెలిగించాలి. ఆ రోజంతా పనివాడు తన పనిముట్టును ముట్టకూడదు. అది దేవుడి దగ్గర, యజమాని కాపలాలో ఉంటుంది. మర్నాడు పొద్దున యజమాని ఎవరిది వాళ్ళకు, బొరుగులు, బెల్లంతో కలిపి, కుడిచేత్తో ఇవ్వాలి. యజమాని చేతి మీదుగా పనిముట్టు తిరిగొస్తే ఆ ఏడంతా పని ఉంటుందని నమ్మకం. పూజలో పెట్టకుండా దాచుకున్న పనిముట్టు మాత్రం పట్టిన చేతినే కోస్తుందంటారు. పాపన్ అనే తాపీపనివాడు కొత్త తాపీ ఎవరైనా కొట్టేస్తారని ఇంట్లో దాచుకున్నాడనీ, ఆ నెలలోనే పరంజా మీంచి పడ్డాడనీ జట్టులో పిల్లలకు కూడా తెలుసు.

పూజకు ముందురోజు గోమతి దివ్యను మెట్ల కింద పట్టుకుంది.

"కీబోర్డులు పెడదాం, మౌసులు పెడదాం. ఆ ఫ్లాపీ మటుకు నీ సంచిలోనే ఉండనీ అక్కా."

"మన పనిముట్టు ఏదే? కీబోర్డు సారుది. కంప్యూటరు సారుది. మనది అదొక్కటే."

"మనదే. అందుకే చెప్తా ఉండా, పెట్టొద్దని."

"దాచుకుంటే కలిసొస్తాదా? నిన్న నాయన గూడా అడిగినాడు, నీ పనిముట్టు యాడ పెడతావమ్మా అని. ఏం చెప్పేది?"

దాచుకోమని గట్టిగా చెప్పడానికి గోమతికీ భయమే. రేపు దివ్యకేమైనా అయితే ఆ మాట తన మెడకు చుట్టుకుంటుంది.

దివ్య ఫ్లాపీ మీది కాగితానికి, లోపలికి పోకుండా జాగ్రత్తగా, పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది. అరిటాకు మీద కీబోర్డుల నడుమ ఉంచింది. గిరిప్రసాద్ పట్టుపంచె కట్టుకుని వచ్చి కర్పూరం వెలిగించాడు. సుందరరాజులు గుమ్మడికాయ కొట్టించాడు. హారతి కళ్ళకద్దుకుంటూ గిరిప్రసాద్ ఆ బొట్టు పెట్టిన చదరపు ముక్కను చూశాడు.

"ఇదేందమ్మా దివ్యా?"

దీపం ముందు ఆమెకు అబద్ధం నోటికి రాలేదు. అంతకన్నా, నిజం చెప్పాలంటే, అడిగినందుకు ఆమెకు సంతోషం కూడా కలిగింది. ఇన్నాళ్ళుగా ఎవరికీ చెప్పుకోని గొప్ప అది.

"నా పనిముట్టు సార్" అంది.

"ఓహో" అన్నాడతను నవ్వి. గది తాళం వేసి, తాళంచెవి మొలకు దోపుకున్నాడు.

ఆ సాయంత్రం గిరిప్రసాద్ మళ్ళీ మేడెక్కాడు. దొంగతనానికి ఎక్కాడని నేననను. ఆసక్తి కొద్దీ ఎక్కాడు. పూజలో ఉన్నదాన్ని ముట్టకూడదన్న కట్టు పనివాడికి గానీ యజమానికి కాదుగా. ఫ్లాపీ తీసి కంప్యూటర్లో పెట్టాడు. అతనికి ప్రోగ్రాము రాయడం రాదు గానీ నడిపించడం వచ్చు. నడిపించాడు. పేజీలు జలజలా రాలడం చూసి మొదట ఆశ్చర్యపోయాడు, తర్వాత ఇన్ని నెలలుగా తన కళ్ళ ముందు జరిగిందేమిటో అర్థమై అవమానంతో ఉడికిపోయాడు. నకలు తీసుకున్నాడు. ఫ్లాపీని పసుపు చెదరకుండా మళ్ళీ అరిటాకు మీద పెట్టేశాడు.

మర్నాడు పొద్దున ఎవరిది వాళ్ళకు కుడిచేత్తో ఇచ్చాడు. గోమతికి ఆమె వాడే కీబోర్డు, బొరుగులు, బెల్లం. దివ్యకు ఫ్లాపీ. దివ్య దాన్ని కళ్ళకద్దుకుంది. గోమతి వైపు చూసి, చూశావా, తిరిగొచ్చింది అన్నట్టు నవ్వింది.

దీపావళి దాకా గిరిప్రసాద్ ఏమీ బయటపడలేదు. కానీ పని తగ్గుతూ వచ్చింది. పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఖాళీగా కూర్చుని పోయే రోజులు పెరిగాయి. కంపెనీవాళ్ళే పని తగ్గించారేమో అనుకున్నారు. ఒకరోజు మధ్యాహ్నం ఫోను లైను దొరికి ఇంటర్‌నెట్టు కలిసినప్పుడు దివ్య ఆ కంపెనీ సైటు తెరిచి చూసింది. వాల్వుల పేజీలు వందల కొద్దీ కొత్తగా ఉన్నాయి. ఆ ఐదుగురిలో ఎవరూ వాల్వుల పేజీ ఒక్కటి కూడా రాయలేదు. ఆమె పేజీ వెనక రాసిన గుర్తులు తెరిచి చూసింది. పట్టికను ఎంత లోపలికి జరిపింది, ఫొటో చుట్టూ ఎంత ఖాళీ విడిచింది, ఏ గుర్తు తర్వాత ఏ గుర్తు, అంతా తన చేతివాటమే. తను కట్టిన గోడను మేస్త్రీ పోల్చుకోలేడా?

ఆమె దిగి పోయి కొట్లో గిరిప్రసాద్ ముందు నిలబడింది.

"నా ప్రోగ్రాము మీరు వాడతా ఉండారా సార్?"

"నీ ఫ్లాపీ నీకు ఇచ్చేసినా గదా?"

"ఇచ్చినారు సార్."

"నా చేతిమీదుగానే ఇచ్చినా గదా, మీ కట్టు ప్రకారం?"

"ఇచ్చినారు సార్. కానీ మా నాయన తాపీ తిరిగిస్తే ఇంక ఆ తాపీ ఇచ్చినోళ్ళ దగ్గర ఉండదు గదా సార్."

గిరిప్రసాద్ లుంగీల కట్ట పక్కన పెట్టాడు. పూజనాటి నుంచి దాచుకున్నదంతా బయటికి వచ్చింది. "నువ్వు నాకు నీతులు చెప్తా ఉండావా? ఒక్క మనిషి ఒక్క పూటలో చేసేదాన్ని ఐదుగురు నెలల తరబడి చేసినట్టు నటించినారే, దానికేమంటావు? నేను మిమ్మల్ని నమ్మి మా నాయనతో మాటలు పడినా. బజారుతో మాటలు పడినా. పూజలో పెట్టకపోయుంటే ఇంకెన్నాళ్ళు మోసం చేసేదానివి?"

అతనన్న దాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెను ఎక్కువ కుంగదీసింది.

అతను కాస్త చల్లబడ్డాడు. చెడ్డవాడేం కాదు, వ్యాపారి. "సరి, అయిందేదో అయింది. వేలూరులో తొరపాడి దగ్గర ఆఫీసు తీసుకుంటా ఉండా. నువ్వు వచ్చెయ్. కండిప్పా, తప్పకుండా నెల జీతం ఇస్తా. ఆ నలుగురూ ఇంక అక్కర్లేదు."

"నలుగుర్లో ఒకరినైనా సార్. గోమతి ఒక్కతె..."

"ఏం పని ఇచ్చేదమ్మా? సుమ్మా, పనేం లేకుండా కూర్చోబెట్టి జీతమిచ్చేదానికి మాదేమన్నా సత్రమా?"

"అయితే నేను గూడా రాను సార్" అంది దివ్య. ఎవర్నీ అడగలేదు. అడగాలని కూడా అనిపించలేదు. జట్టును వదిలి మేస్త్రీ ఒక్కడే యజమాని వెనక పోవడమంటే ఆమె పుట్టిన ఇంట్లో అంతకన్నా నీచం లేదు.

ఆ రాత్రి అంకప్ప అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. "పెట్టమని నేనే గదమ్మా అడిగింది" అన్నాడు. "కాపీ తీసుకోవచ్చని నాకేం తెలుసు? పారను ఎవడన్నా కాపీ తీస్తాడా?" దివ్య తల్లి అంబుజం ఆయన కంచంలో ఇంకాస్త పులుసు పోసింది.

నలుగురూ మేడ దిగి వెళ్ళిపోయారు. దివ్య ఊరుకోలేదు. అలాంటి పని ఇంకో చోట దొరికితే మళ్ళీ జట్టును పిలుచుకోవచ్చనుకుంది. గుడియాత్తం నుంచి బస్సెక్కి వేలూరు, వేలూరు నుంచి కాట్పాడి, పేజీలు తయారుచేసే చోటల్లా తిరిగింది. అందరూ మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చారు. పని మాత్రం లేదన్నారు.

ఎందుకు లేదో కాట్పాడిలో తెలిసింది. అక్కడ దొరై అనే అతను కాలేజీ రోడ్డులో కంప్యూటర్ సెంటరు నడుపుతున్నాడు. అతను పరీక్ష చేద్దామని ఆమెను ఒక కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "ఇది వాడడం తెలుసా?" అని అరవంలో అడిగాడు. తెరమీద దివ్య ప్రోగ్రామే ఉంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడుంటాడు. గిరిప్రసాద్ దగ్గర చెన్నై స్నేహితుడు నకలు తీసుకున్నాడు, ఆ స్నేహితుడి దగ్గర ఇంకొకడు. గిరిప్రసాదేమో తన సాఫ్ట్‌వేరు దొంగిలించారని కనపడినవాడికల్లా చెప్పుకుని వాపోతున్నాడట.

"ఎవరో తెల్లవాడు రాసింది" అన్నాడు దొరై. "బాగా రాశాడు. ఈ పేర్లేవో వాళ్ళ భాషలో ఉన్నాయి, గడప, గోడ అని. అర్థం తెలియకపోయినా పని జరిగిపోతుంది."

"గడప అంటే వాకిలి కింద తొక్కకుండా దాటే చెక్క" అంది దివ్య అరవంలోనే. "మీరు వాసప్పడి అంటారే, అది. మా ఇంట్లో మాట. ఇది నేను రాసినాను."

దొరై ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత తెరవైపు చూశాడు. నమ్మాడు. నమ్మడం కూడా మేలు చేయదని దివ్యకు అప్పుడే అర్థమైంది.

"నువ్వే రాశావంటే చాలా సంతోషం తల్లీ" అన్నాడతను మనస్ఫూర్తిగా. "కానీ చూడు, ఇది వచ్చాక నా దగ్గర పనిచేసే పిల్లల్నే ఇంటికి పంపేశాను. ఒక్కడు చాలు. అంత బాగా చేశావు నువ్వు."

తిరుగు బస్సులో ఆమె ఏడ్చింది. పక్కన కూర్చున్నావిడ ఆస్పత్రిలో పన్ను పీకారా అమ్మా అని అడిగింది. వేలూరు ఆస్పత్రులకు వచ్చి ఏడుస్తూ తిరిగిపోయేవాళ్ళు ఆ బస్సుల్లో ఎప్పుడూ ఉంటారు. అవునని తల ఊపింది దివ్య.

పొంగలి పండగ తర్వాత అంకప్పకు తొరపాడిలో ఒక హాస్టలు కట్టే పని దొరికింది. స్లాబు పోసే రోజు ఎంతమంది ఉన్నా చాలరు. కంకర మాలు కలిపాక పోయడం మధ్యలో ఆపకూడదు, ఆపితే అతుకు పడి రేపు నీళ్ళు కారుతాయి. అందుకని చేతులున్న ప్రతి మనిషినీ పిలుస్తారు. అంకప్ప కూతుర్ని పిలవలేదు. ఆమే తలకు గుడ్డ చుట్టుకుని వచ్చి ఏటవాలు మెట్ల మీద ఆడవాళ్ళ వరసలో నిలబడింది. ఆమె పై మెట్టు మీద గోమతి ఉంది. కింది నుంచి తట్ట అందుకుంటే దివ్య గోమతికి ఇవ్వాలి. గోమతికి మెడ తిరగదు గనక అందుకోవడానికి ప్రతిసారీ మనిషంతా తిరుగుతోంది.

వాళ్ళిద్దరూ దీపావళి తర్వాత మాట్లాడుకోలేదు. గోమతి కోపం ఫ్లాపీ పూజలో పెట్టినందుకని దివ్య అనుకుంటోంది. చెప్పింది వినలేదు గదా, ఉండదా మరి?

"తప్పు చేసినా గోమతీ" అంది తట్ట ఇస్తూ. "నువ్వు చెప్పినట్టు సంచిలో పెట్టుకోనుంటే సరిపోయేది."

"దానికి కాదక్కా" అంది గోమతి. తట్ట పైకి అందించి మళ్ళీ మొత్తం తిరిగింది. "అది ఎప్పుడో ఒకనాడు తెలిసేదే. నువ్వు దాన్ని చేసిన రోజే మా పని అయిపొయ్యిందని నాకు తెలుసు."

"మరి దేనికి?"

"తొరపాడి ఆఫీసుకి నిన్నొక్కదాన్ని పిలిచినాడంట గదా, సారు?"

"మిమ్మల్నిడిసిపెట్టి నేనెట్ల పోతానే?" ఆ ఒక్క సంగతే ఇన్నాళ్ళూ దివ్యకు ధైర్యం. అన్నీ పోయినా అదొక్కటి సరిగ్గా చేశాననుకుంటూ బతుకుతోంది. "మీకోసమే వద్దన్నా."

"మమ్మల్ని అడిగినావా?"

కింది నుంచి తట్ట వచ్చింది. దివ్య అందుకుని అలాగే పట్టుకుని నిలబడింది. వెనకనుంచి ఎవరో, కానీండమ్మా అని కేకేశారు. గోమతి చెయ్యి చాపి ఆమె చేతుల్లోంచి తట్ట తీసుకుంది.

"ఆ ఆఫీసు ఈ వీధి చివర్నే ఉండాది. పొద్దున బిడ్డను తోడుకోని దాని ముందరే వచ్చినా. అద్దాల్లోంచి కనపడతాది, ఎవుడో పిల్లోడు కూర్చోని ఉండాడు నువ్వు కూర్చోవాల్సిన కుర్చీలో. నువ్వు ఉండుంటే నా కూతురికి చూపించేదాన్ని గదక్కా. చూడే, మన మనిషి, మొన్నటిదాకా మనతో తట్ట మోసింది, ఇప్పుడు ఆడ కూర్చోని ఉండాది, నువ్వు గూడా చదువుకో అని చెప్పేదాన్ని. మాకోసమని చెప్పి ఆ ఒక్కటి గూడా లేకుండా చేసినావు. ఇప్పుడు ఎవర్ని చూపించి చెప్పేది దానికి?"

గోమతి అరవలేదు, తిట్టలేదు. ఉన్నమాట అడిగి, జవాబు కోసం ఎదురు చూసింది. దివ్య వంగి కింది నుంచి వచ్చిన ఇంకో తట్ట అందుకుంది. మాలు గట్టిపడుతోందని పైనుంచి అంకప్ప తొందరపెడుతున్నాడు.